నాన్న చూపించిన చోటు

గాప్‌సు ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా కొండ ఎక్కుతున్నాడు. వెనకాల వస్తున్న కూతురు హ్యెరన్ మాత్రం పదడుగులకోసారి ఆగి, ఎవరైనా వెంటపడుతున్నారేమోనని చెట్ల మధ్యకి చూస్తోంది.

"నాన్నా, మెల్లగా మాట్లాడు. వొల్‌సన్ పిన్నివి అసలే పాము చెవులు."

"విననీ. నలభై ఏళ్లు ఈ చోటు కోసం నా వెంట తిరిగింది, పాపం. ఒక్కసారీ కనిపెట్టలేకపోయింది."

బొంగ్‌హ్వా కొండల్లో ఖరీదైన సొంగి పుట్టగొడుగులు మొలిచే చోటు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పరు. ఇంటి పెద్ద కొండ ఎక్కడం మానేసే రోజున ఒక్కరికే చూపిస్తాడు. హ్యెరన్ వాళ్లన్న ఆ చోటు చూపించమని అడిగి అడిగి విసిగి, ఊరు వదిలిపోయాడు. చుసొక్ పండక్కి కూడా రాడు. హ్యెరన్ మాత్రం దేగు నగరంలో ఫ్యాక్టరీ వంటశాల పని మానేసి మూడేళ్ల కిందట ఊరికి వచ్చేసింది. తండ్రి చోటు తన చేతికొస్తే ఇక్కడే బతకాలని ఆమె ఆశ. ఈ మూడేళ్లూ అందరూ ఏరే వాలులోనే ఏరింది.

మొన్న వంటశాల వాళ్లు ఫోన్ చేశారు. ఒక పని ఖాళీ అయిందట. సోమవారంలోపు చెప్పకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటారట. ఆ మాట విని గాప్‌సు అన్నాడు.

"వాళ్లకి జవాబు చెప్పేలోపు నువ్వా చోటు చూడాలి."

పెద్ద బండ దాటాక ఆగాడు. "ఇదే."

పదకొండు ఎర్ర పైన్ చెట్లు. ఆయన చేతికర్రతో ఒక్కొక్కటే చూపించాడు.

"ఇది మా నాన్న కనిపెట్టింది. దీని కింద ఒక్క పొద్దున ఇరవై ఏడు తీశాను, నువ్వు పుట్టిన సంవత్సరం. ఆ మూడోదాని దగ్గర ఆకులు కదపకూడదు. వేలితో తడిమి చూడాలి."

హ్యెరన్ మోకాళ్ల మీద కూర్చుని తడిమింది. ఏమీ తగల్లేదు.

గాప్‌సు సంచిలోంచి థర్మామీటరు తీసి మట్టిలో గుచ్చాడు. "ఇరవై రెండు. పందొమ్మిదికి దిగితే గాని మొలవదు. మా నాన్న రోజుల్లో సెప్టెంబరు మొదట్లోనే దిగేది. ఇప్పుడు నెలాఖరు."

"వాన పడితే దిగుతుందిగా?"

"నిరుడూ అలాగే అనుకున్నా."

నాలుగు చెట్ల ఆకులు ఎండి ఎర్రబడ్డాయి. వాటి చుట్టూ ఓక్ మొక్కలు నడుమెత్తున లేచాయి.

"ఇవి కింద లోయలో ఉండేవి," అన్నాడు గాప్‌సు. "ఏటా ఇంత పైకి వస్తున్నాయి. ఆకు రాల్చి నేలంతా కప్పేస్తాయి."

"నరికేస్తే?"

"ఆరేళ్లు నరికాను."

"ఇంకో పదేళ్లు నేను నరుకుతాలే. నీ మోకాళ్లు పోయినా నా చేతులున్నాయి."

గాప్‌సు మక్కొల్లి సీసా మూత తీసి, తన తండ్రి కనిపెట్టిన చెట్టు మొదట్లో గిన్నెడు కల్లు పోసి వంగి మొక్కాడు. కొత్త పంటకు ముందు కొండదేవుడికి చేసే మొక్కేననుకుని హ్యెరన్ కూడా మొక్కింది.

"అన్నయ్యని కూడా రమ్మన్నాను," అన్నాడు లేస్తూ. "వచ్చే వారం వస్తాడు."

"వాడికీ భాగం ఇస్తావా?"

"భాగాల గొడవ రాదులే. ఒకసారి చూస్తాడని." ఆయన కూతురి మొహంలోకి చూశాడు. "చూశావుగా. మరి ఏమంటావ్?"

"ఏమనేదేముంది నాన్నా? తేలిపోయింది."

గాప్‌సు బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "అదే మంచిది."

దిగేటప్పుడు మోకాలు పట్టేసి ఆయన వెనకబడ్డాడు. సిగ్నల్ అందే మలుపు దగ్గర హ్యెరన్ దేగుకి ఫోన్ చేసింది.

"నేను రానండి. ఇంకెవరినైనా పెట్టుకోండి."

అవతలి ఆమె మళ్లీ అడిగింది. హ్యెరన్ మళ్లీ అదే చెప్పింది. ఆ పని ఇంకొకరికి ఖాయం చేస్తున్నానని చెప్పి ఆమె పెట్టేసింది.

కొండ మొదట్లో వొల్‌సన్ పిన్ని ముల్లంగి మళ్లు తవ్వుతోంది. హ్యెరన్‌ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పెద్ద బండ వెనకాలకేనా వెళ్లొచ్చింది?"

హ్యెరన్‌కి ఒళ్లు మండింది. "ఇవాళ కూడా వెంటపడ్డావా పిన్నీ? నీకిదేం జబ్బు?"

"నాకేం ఖర్మే! మంగళవారం మీ నాన్నే పిలిచి తీసుకెళ్లాడు. పదకొండు చెట్లూ చూపించాడు."

"అబద్ధం. చచ్చినా నీకు చూపించడు."

వొల్‌సన్ పార కింద పెట్టింది. వాలు మీద కర్ర ఊతంతో దిగుతున్న గాప్‌సు వైపు చూసింది.

"ఇంకా మొలిచేదైతే నాకు చూపిస్తాడా, తల్లీ?"