ఈగల లెక్క

పొద్దస్తమానం మామిడి పూతకేసి చూస్తూ కూర్చోవడం కూడా ఒక చదువేనా అని బంగారుపాళ్యంలో నవ్వనివాళ్లు లేరు.

రూపశ్రీ చదివేది ఆ చదువే. తిరుపతి యూనివర్సిటీలో పరిశోధన. ఇది నాలుగో ఏడు, ఇదే ఆఖరు.

పూత పిందె కట్టాలంటే దాని మీద ఈగలు వాలాలి, తేనెటీగలు కాదు, మామూలు ఈగలే. మందులు కొట్టీ కొట్టీ తోటల్లో ఈగలే లేకుండా పోయాయి. మందు మానేస్తే మళ్లీ వస్తాయా అన్నదే ఆమె ప్రశ్న. మూడేళ్లుగా మందు కొట్టని తోట వెతగ్గా వెతగ్గా ఇదొక్కటే దొరికింది.

మొదటి వారం ఒక్క ఈగ వాలితే ఒట్టు.

"ఈ పూతకూ రాకపోతే నీ థీసిస్ మీద ఆశ వదులుకోవాల్సిందేనమ్మా," అన్నారు గైడు ఫోన్‌లో.

ఫోన్ పెట్టేసి చెట్టు మొదట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి ఎవరున్నారు? అద్దె గదిలో ఒక్కతే, తోటలో ఒక్కతే. రోజు మొత్తంలో ఆమె నోరు తెరిచేది టిఫిన్ అంగట్లో రెండు ఇడ్లీలు అడగడానికే.

"ఏం పాపా, ఏమయిందని ఏడస్తా ఉండావు?"

కంచె అవతల ఎవరో ముసలామె. రూపశ్రీ గబగబా కళ్లు తుడుచుకుంది.

"ఏం లేదవ్వా. ఈగలు రాలేదు."

"ఈగలా!" ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "యాడన్నా ఈగల కోసరం ఏడస్తారా తల్లీ?"

రూపశ్రీకి ఒళ్లు మండిపోయింది. మొహం తిప్పుకుంది.

మర్నాడు మళ్లీ వచ్చింది ముసలామె. ఆ మర్నాడూ వచ్చింది.

"ఈగలొచ్చినాయా పాపా?"

రోజూ అదే మాట. ఎగతాళి కాకపోతే ఏమిటి!

రెండో వారం దేవుడు కరుణించాడు. కంచె పక్క చెట్ల మీద ఈగలు జుమ్మని ముసురుకున్నాయి. ఒక్కో గుత్తికి పది నిమిషాల్లో ముప్పై! రూపశ్రీ గంతులెయ్యడం ఒక్కటే తక్కువ.

"మందు మానేస్తే ఈగలు తిరిగొస్తాయి. నువ్వు గెలిచావమ్మా," అన్నారు గైడు.

ముసలామె మాత్రం మానలేదు. సరిగ్గా లెక్కపెట్టే వేళకే వచ్చి, "వచ్చినాయా పాపా?" అనేది. లెక్క కాస్తా తప్పిపోయేది.

ఓ రోజు రూపశ్రీకి ఓపిక చచ్చిపోయింది. తోట కాపలా గోవిందుని పిలిచింది.

"గోవిందన్నా, ఆమెను ఈ పక్కకు రావద్దని చెప్పు. అలికిడికి ఈగలు లేచిపోతాయి. పైగా ఆ నీచు వాసన! నాకు కడుపులో తిప్పుతోంది."

ఆ మాట ముసలామె చెవిన పడింది. చేతిలోని ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

మూడో రోజుకు ఈగలు పలచబడ్డాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. రూపశ్రీ ఎండ చూసింది, మంచు చూసింది, పక్క తోటల్లో మందు కొట్టారేమోనని కనుక్కుంది. కారణం చిక్కలేదు.

"ఆ అవ్వ, నాగులమ్మ ఉసురు తగిలింది పాపా," అన్నాడు గోవిందు. "ఆయమ్మ రావడం మానుకున్నాకనే గదా ఈగలూ మానుకునింది!"

"పరిశోధన చేసేదానికి ఉసుర్లు చెప్తావా అన్నా?" కసిరింది రూపశ్రీ.

కసిరింది గానీ మనసు ఒకచోట నిలవలేదు. నిజం చెప్పాలంటే ఈగలు లేకపోవడం కన్నా, 'వచ్చినాయా పాపా' అన్న మాట వినపడకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. ఆ ఊళ్లో తనను వచ్చి పలకరించిన మనిషి ఆమె ఒక్కతే. ఒక్కసారి వెళ్లి క్షమించమని అడిగితే పోయేదేముంది?

"ఆమె ఇల్లెక్కడన్నా?"

"ఇల్లా? దయానంద్ చేపలంగట్లోనే ఉంటాది. చేపలు కడిగే పని."

సాయంత్రం అంగడి వెతుక్కుంటూ వెళ్లింది.

"నాగులమ్మవ్వ ఉందా?"

దయానంద్ కత్తి పక్కన పెట్టి తలెత్తాడు.

"పోయి నాలుగు దినాలాయ పాపా. జరమొచ్చింది. నా అనేవాళ్లు ఎవురూ లేరు. మేమే మట్టి చేసినాము."

"నేను... ఆమెను ఒక మాట అన్నాను. తప్పయిందని చెప్పుకుందామని వచ్చాను."

"మామిడితోటలో కూసునే పాపవు నువ్వేనా?"

తల ఊపింది.

దయానంద్ ఆమెను ఎగాదిగా చూసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"దినామూ చేప తలకాయలు, పేగులు సంచికేసుకోని తెల్లారకముందే మీ తోటకు పొయ్యేది. యాలవ్వా అంటే, 'ఈగలు రాలేదని ఆ బిడ్డ ఒక్కతే కూసోని ఏడస్తా ఉండాది రా, మన కాడ ఉండేదే ఈగలు, ఇవి చెట్ల కింద ఆకుల్లో దాచిపెట్టొస్తే అవే పోతాయి' అనె."