ఒడిబియ్యం తెచ్చిన మనిషి

వచ్చిన మనిషికి రుక్కమ్మ గ్లాసు ఇవ్వలేదు.

చెంబు ఎత్తి పైనుంచి నీళ్లు పోసింది. ఆయన వాకిట్లోనే వంగి, దోసిలి పట్టి తాగాడు.

"గిదేందే అవ్వా?" యాదయ్యకు కోపం వచ్చింది.

"కులమేందో తెల్వనోనికి గ్లాసెట్ల ఇయ్యమంటవ్‌రా?" అంది తల్లి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నారాయణఖేడ్‌లో రుక్కమ్మకు సగం వాడతో మాటల్లేవు.

అది ఎనభై రెండో సంవత్సరం. అంతకు ముందు యాదయ్య కువైట్‌లో ఒకరి ఇంట్లో డ్రైవర్. అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే కుసుమది సిలోన్. ఇద్దరూ ఇష్టపడి అక్కడే పెళ్లి చేసుకున్నారు. ఆమెను ఇంటికి తెచ్చి నాలుగేళ్లయింది. కుసుమ తెలుగు నేర్చింది, జొన్నరొట్టె కొట్టడం నేర్చింది. అయినా రుక్కమ్మ ఆమెను ఒక్కరోజు కూడా కోడలు అనలేదు. "సిలోన్‌ది" అనేది.

ఇప్పుడు కొత్త ఇల్లు కట్టారు. శుక్రవారం గృహప్రవేశం. ఇంటి కోడలు గడప దాటే ముందు తల్లిగారింటివాళ్లు వచ్చి ఒడిలో బియ్యం పోయాలి.

"తల్లిగారోళ్లు రాకుంటే చిన్నకోడలు పీట మీద కూసుంటది," అని రుక్కమ్మ తేల్చేసింది. "సిలోన్‌ది బయటనే ఉంటది. వెనక ఎవ్వలు లేనిదాన్ని ముందువెట్టి కొత్తింట్ల కాలువెట్టియ్య."

కుసుమకు ఇద్దరు అన్నలు. మూడు ఉత్తరాలు రాసింది, జవాబు రాలేదు. ఇంట్లో తన స్థానం ఇక అంతేనని ఏడ్చింది.

వాకిట్లో నీళ్లు తాగిన ఈ మనిషి గురువారం మధ్యాహ్నం జహీరాబాద్ బస్సు దిగాడు. గళ్ల లుంగీ, నలిగిన చొక్కా, భుజాన బియ్యం మూట. పేరు పియదాస. ఓడెక్కి, మూడు రైళ్లు మారి, ఐదు రోజులు ప్రయాణం చేశాడట. ఆయన్ని చూడగానే కుసుమ గడపలోనే కూలబడింది.

"ఏమైతడు నీకు?" అడిగింది రుక్కమ్మ.

కుసుమ తమ భాషలో ఆయన్ని ఏదో అడిగింది. ఆయన తల వంచుకుని చాలాసేపు మాట్లాడాడు.

"అన్న," అంది కుసుమ, అంతా విని.

"గంతసేపు మాట్లాడితె గొక్క మాటనేనా? పెండ్లాం ఏది మరి? ఒడిబియ్యం జంటగ పొయ్యాలె."

"ఆయన పెండ్లి చేసుకోలే అత్తా."

రుక్కమ్మ మళ్లీ నోరు తెరిచింది. ఈసారి పక్కింటి పోశమ్మ అడ్డం వచ్చింది.

"సముద్రం దాటొచ్చిండే ఆయన! ఇంక జంటెందుకు? నేను తోడు పోస్త తియ్యి."

శుక్రవారం పొద్దున కుసుమ పీట మీద కూర్చుని కొంగు పట్టింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు. పోశమ్మ తోడు పోస్తుంటే పియదాస దోసిలి దోసిలిగా పోశాడు. ఐదో దోసిలి పోసి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కుసుమ కుడికాలు పెట్టి కొత్తింట్లోకి నడిచింది.

యాదయ్య వంగి ఆయన కాళ్లు మొక్కాడు.

"పిల్లనిచ్చినోళ్లకు నువ్వు మొక్కుడేందిరా?" రుక్కమ్మ గొణిగింది.

ఒడిబియ్యం తెచ్చినవాళ్లకు బట్టలు పెట్టి పంపడం ఆచారం. రుక్కమ్మ పెట్టలేదు. అందరూ తిన్నాక వాకిట్లో విస్తరి వేసింది. ఆయన మెతుకు మిగల్చకుండా తిని, కూర బాగుందని సైగ చేశాడు. సాయంత్రం యాదయ్య ఆయన వెంట బస్సు దాకా వెళ్లి, అది కదిలేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి.

రుక్కమ్మ మారింది. ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. కుసుమ కొట్టిన రొట్టె లేనిదే ముద్ద దిగదు. 'సిలోన్‌ది' పోయి 'మా పెద్దకోడలు' అయింది. మనుమరాలికి చెవులు కుట్టించాలనుకున్నప్పుడు ఆ ముసలిదానికి మొదట గుర్తొచ్చింది ఆయనే.

"మీ అన్నకు ఉత్తరం రాయే," అంది. "పిల్లను మేనమామ ఒళ్లె కూసోవెట్టి కుట్టియ్యాలె. ఈసారి లోపట కూసోవెట్టి నా చేత్తోని వడ్డిస్త. బట్టలు వెడ్త. గప్పుడు శాన తప్పు చేసిన బిడ్డా, మనసుల వడ్తలేదు."

కుసుమ లోపలికెళ్లి ఒక ఉత్తరం తెచ్చింది.

"పోయిన నెలల వచ్చింది అత్తా. జ్వరమొచ్చి చనిపోయిండట. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

రుక్కమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది. చదువు రాకపోయినా ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. క్షమించమని అడగడానికి ఇప్పుడు మనిషి లేడు.

"పెండ్లాం పిల్లలు లేనోడు," అంది చివరికి. "పోయేటప్పుడు తోడబుట్టినోడన్న దగ్గర ఉన్నడా బిడ్డా? మీ ఇంకో అన్న?"

"మా అన్నలిద్దరు మంచిగనే ఉన్నరు. వాళ్లు నాకు జవాబే ఇయ్యలేదత్తా. ఇగ దిక్కులేక ఈ పియదాసకు రాసిన. అన్న అని చెప్పుమన్నది గూడ ఈయననే."

రుక్కమ్మ తలెత్తింది.

"మరి ఆయన ఎవరే?"

"నేను కువైట్ పోకముందు నాకు ఆయనతోనే పెండ్లి ఖాయమైంది అత్తా."