చెంబు నీళ్ళు

ఆ ముసలాయన ఎవరింటి వెనక చెంబు నీళ్ళు పోస్తే ఆ ఇల్లు కుంగుతుందట. పద్నాలుగో నంబరు రాఘవమ్మకు పనిమనిషి చెప్పిందట. రాఘవమ్మ వాకింగ్ ట్రాక్ మీద నిరోషను ఆపి చెప్పింది.

"తొమ్మిదో నంబరు కాడ గోడ పగులుతాదని చెప్పి మరీ పోసినాడంట. నెల తిరక్కముందే వంటింటి గోడ నెర్రె ఇచ్చింది. పన్నెండో నంబరు కాడ మెట్లు కుంగుతాయన్నాడు, కుంగినాయి. వాడి నాలిక మీద మచ్చ ఉండాది నిరోషా."

నిరోష నవ్వేసింది. ఇంటికొచ్చి మాత్రం వెనక తలుపు గడియ వేసింది.

సంగానికి ఎగువన పెన్న ఒడ్డున ఉంది ఆ కాలనీ. ఒకప్పుడు అది పెంకుల ఫ్యాక్టరీ. బంకమట్టి తవ్వుకున్నారు, పెంకులు కాల్చుకున్నారు, మూతపడ్డాక తుమ్మచెట్లకు వదిలేశారు. ఇప్పుడు పొగగొట్టం ఉన్న చోట క్లబ్‌హౌస్, బట్టీలున్న చోట పిల్లల పార్కు. ఆదివారమైతే నెల్లూరు నుంచి కార్లలో వచ్చి ఖాళీ ప్లాట్లు చూసుకుపోతుంటారు.

నిరోష, వెంకటేష్ చేజర్ల దగ్గరి చేను అమ్మి ఇక్కడ పదిహేడో నంబరు విల్లా కొన్నారు. వెనక రూము కిటికీ తీస్తే ఏరు. ఆ కిటికీ చూసే కొన్నారు. ఇంటర్ చదివే కూతురు అశ్విత ఆ రూములోనే చదువుకుంటుంది, అక్కడే పడుకుంటుంది.

రాఘవమ్మ చెప్పిన మూడో రోజు పొద్దున నిరోష బట్టలు ఆరేస్తుంటే ఏటి వైపు నుంచి ఆ ముసలాయన రానే వచ్చాడు.

మాసిన పంచె. చేతిలో చెంబు. వెనక రూము గోడ పక్కన అడుగులు లెక్కపెట్టుకుని ఒకచోట నిలబడ్డాడు. నీళ్ళు పోసి, వంగి చూశాడు.

నీళ్ళు నిలవలేదు. దప్పికగొన్న గొడ్డు తాగినట్టు నేల తాగేసింది.

"అమ్మా, ఆ రూములో ఎవురినీ పండుకోనీబాక," అన్నాడు ఆయాసపడుతూ. "వానలొస్తే నిలవదు."

నిరోష కేకకు వెంకటేష్ నురగ నోటితో, బ్రష్షుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ఎవుర్రా నువ్వు? బిడ్డ పండుకునే రూముకి శాపం పెడతావా?"

"శాపం కాదు నాయనా. ఒక్క మాట ఇను..."

ఎవరూ వినలేదు. వాచ్‌మన్ రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

ఆ సాయంత్రమే మీటింగు. అసోసియేషన్ ప్రెసిడెంటు జనార్దనయ్య, చదువుకున్నవాళ్ళం మనకు ఈ చేతబడి భయాలేంటని మొదలుపెట్టి, ఏటి వైపు దారికి ముళ్ళకంచె వేయించడంతో ముగించాడు. రాఘవమ్మ కసుమూరు దర్గాకు పోయి తాయెత్తులు తెచ్చి ఇంటింటికీ పంచింది. వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు.

ముసలాయన మాత్రం ఊరుకోలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే మొదటి బస్సు దిగి మెయిన్ గేటు దగ్గర నిలబడేవాడు. ప్రెసిడెంటు గారితో మాట్లాడాలంటాడని వాచ్‌మన్ చెప్పాడు. పంపబాకన్నాడు జనార్దనయ్య. నాలుగు రోజులు నిలబడి, ఐదో రోజు రాలేదు.

కాలనీ ఊపిరి పీల్చుకుంది. నిరోష పీల్చుకోలేకపోయింది. వంట చేస్తూ చేస్తూ పొయ్యి కట్టేసి వెనక్కి వెళ్ళేది. గోడ తడిమి చూసేది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేది. ఆఖరికి అశ్విత మంచం హాల్లోకి లాగించింది. టీవీ మోతలో చదువెట్లా సాగుతుందని ఆ పిల్ల వారం రోజులు గొణిగింది.

నమ్మి కాదు. భయపడి.

కార్తీకంలో మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగో రోజు తెల్లవారుతుండగా వెనక రూము నడుముదాకా భూమిలోకి దిగిపోయింది. కిటికీ ఏటి మీద నుంచి తిరిగి ఆకాశం వైపు చూస్తోంది.

అశ్విత హాల్లో నిద్రపోతోంది.

నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరు పక్కన తవ్వించాడు. జానెడు ఎర్ర గ్రావెల్ కింద అంతా నల్లటి బూడిద. పెంకులకు మట్టి తీసిన గుంటలో రైసుమిల్లు ఊకబూడిద పోసి పైన గ్రావెల్ పరిచేశారన్నాడు. ఇట్లాంటివి ఇంకా ఎన్నున్నాయని అడిగాడు.

అందరూ ఎవరి కాళ్ళ కింద నేల వాళ్ళు చూసుకున్నారు. బిల్డరు ఫోను ఎత్తడంలేదు. ఫ్యాక్టరీ నాటి పటం ఎవరి దగ్గరా లేదు.

"ఆ పెద్దాయనకు తెలుసు," అంది నిరోష.

గేటు ముందు టీ కొట్టు వాడు ఆనవాలు చెప్పాడు. పేరు చెంచురామయ్యట, సంగం బ్యారేజీ దగ్గర ఉంటాడట. నిరోష, వెంకటేష్, జనార్దనయ్య, రాఘవమ్మ ఒకే కారులో బయలుదేరారు. దారిలో ఆపి పండ్లు, పంచెల చాపు కొన్నారు.

రేకుల ఇంటి ముందు ఆయన భార్య ఆదిశేషమ్మ తడిసిన కట్టెలు ఎండబెట్టుకుంటోంది. వీళ్ళ చేతుల్లో సంచులు చూసింది.

"ఆయన లేడు. కర్మంతరం కూడా అయిపోయింది. ఆయాసం మనిషి."

వెంకటేష్ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. నిరోష ఏడ్చింది. తన బిడ్డ బతికి ఉందంటే ఆ మాట వల్లేనని, ఆయన కాళ్ళు పట్టుకుందామని వచ్చానని చెప్పింది.

జనార్దనయ్య రెండు చేతులూ జోడించాడు.

"ఇంజనీర్లకే అందనిది చెంబు నీళ్ళతో కనిపెట్టినాడు. ఆయన మనిషి కాదమ్మా, దేవుడు."

ఆదిశేషమ్మ కట్టె కింద పడేసి నడుం నిలబెట్టింది.

"దేవుడూ లేదు, ఏం లేదు. బిల్డరు పోయమంటే ఆ గుంటల్లో బూడిద పోసిన ట్రాక్టరు తోలింది ఆయనే. పన్నెండు గుంటలు, చచ్చేలోపల పన్నెండిళ్ళకీ చెప్పుకోవాలని కొట్టుకులాడినాడు, మూడిళ్ళకే చెప్పనిచ్చినారు మీరు."