పన్నెండో డిస్కు

"పోయిన స్కాన్లు దొరికాయా అమ్మా? తెల్లారితే పాపకు ఆపరేషన్. అవి లేకుండా నేను కత్తి పట్టలేను," అన్నాడు ఫోన్లో డాక్టరు.

ఆసుపత్రి సర్వర్ గదిలో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఆపరేటరమ్మ, స్కాన్లు దాచే డిస్కుల జాబితా తీసే చిన్న ప్రోగ్రామును, స్క్రిప్టును, మళ్లీ నడిపింది. గదిలో ఉన్నవి పదకొండే. తెర మీద పన్నెండు వచ్చాయి. చివరిదాని పేరు, "కంగారు పడకు తల్లీ."

డిస్కులకు ఇలాంటి పేర్లు పెట్టే అలవాటు, ఆమెకు పని నేర్పిన పెద్దసారు ఒక్కరిదే. ఆయన పోయి ఏడాదైంది.

డిస్కులుండే ర్యాక్ తలుపు తీసి చూసింది. పన్నెండో అర ఖాళీ. అందులో దుమ్ము కూడా చెదరలేదు. దాని పచ్చలైటు మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

తిరిగొచ్చి తెర మీద ఆ పేరును నొక్కింది. పాప స్కాన్లన్నీ ఉన్నాయి.

"దొరికాయి సార్, పంపిస్తున్నా."

పంపేశాక స్క్రిప్టు మరోసారి నడిపింది. ఇంకా పన్నెండే. పేరు మాత్రం మారింది.

"ఇక ఇంటికెళ్లి పడుకో."