తొలగింపునకు సిఫారసు

మేనేజరు గారూ, రాత్రి కాలేజీలో డిగ్రీ చేసినవాణ్ణి. నా తెలుగులోని దోషాలను మన్నించగలరు.

కొత్తగా చేరిన యుమ్నా, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ సెట్టింగ్ మార్చి, పెద్దపల్లి వడ్ల కాంటా ప్రోగ్రామ్ వేగాన్ని పెంచింది. మరునాటి నుంచే అది కుప్పకూలుతోంది.

“సార్, తప్పు మీ పాత కోడ్‌ల ఉన్నదేమో, జర చూడుండ్రి,” అన్నది.

“నువ్వు పలకా బలపం పట్టకముందు రాసిన కోడమ్మా అది!” అని, ఆమెను తొలగించమని మీకు సిఫారసు చేశాను.

ఆమె తప్పును నిరూపించడానికే వారంపాటు వెతికాను. నా పాత కోడ్‌లో ఒక లెక్కకు తొలి విలువగా సున్నా ఇవ్వడం నేనే మరిచాను. నెమ్మదిగా నడిచినంత కాలం అక్కడ అదృష్టవశాత్తు సున్నా ఉండేది. వేగం పెరగగానే అది పోయి, ఏదో చెత్త అంకె వచ్చిపడింది. పద్దెనిమిదేళ్లుగా నా ప్రతిభగా చెలామణి అయినది ఆ సున్నాయే.

ఇక ఈ పోస్టుకార్డును యుమ్నా గారికి ఇవ్వండి. నా కుర్చీలో కూర్చుని చదువుకోమనండి, ఖాళీ చేశాను.