తూటాలు విప్పే సుత్తి

"ఇంట్లో తూటాలు నింపి బిగించే ప్రెస్సేమో అన్నిటికంటే చవకది, కాటా మాత్రం ఖరీదైనదా?" అమెరికాలో, మోంటానాలోని ఒక తుపాకుల కొట్టులో హార్లన్ కోడలు లోర్నా బుట్ట కెలికాడు. "కేకుకి పిండి తూస్తావా దీంతో?"

"తూటా మందు తూస్తాను మామయ్యా. ప్రెస్సు మెల్లగా నడిచినా ఫర్వాలేదు, తూకం తప్పకూడదు."

"మా వాడు చిన్నప్పటినుంచీ నా చేతి తూటాలే కాలుస్తున్నాడు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నువ్వు నేర్పుతావా?"

లోర్నా కోటు జేబులోంచి ఒక తూటా తీసి అతని అరచేతిలో పెట్టింది. "మీరు నింపిందే. వేడ్ రేపు ఎల్కు దుప్పుల వేటకు తీసుకెళ్లే పెట్టెలోది. ఊపండి."

హార్లన్ విసురుగా చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు.

"నాకు చెవుడని ఎగతాళా?"

ఆమె అదే పెట్టెలోని ఇంకొకటి ఇచ్చింది. అందులో మందు ఇసుకలా గరగరమంది. హార్లన్ మొదటిదాన్ని మళ్లీ ఊపాడు.

"మందు లేని దీని గుండు గొట్టంలో ఇరుక్కుంటే, తర్వాతి దెబ్బకి తుపాకి వాడి మొహం మీదే పేలేది," అన్నాడు నెమ్మదిగా. "వాడికి చెప్పావా?"

"లేదు. మీ తూటాలు వద్దంటే నాతో పోట్లాడతాడు. నాకు సరదాగా ఉంది, నేర్చుకుంటానన్నాను."

హార్లన్ అర వెతికి, తూటాలు విప్పే సుత్తి ఒకటి బుట్టలో పడేశాడు.

"ఇది మర్చిపోయావు," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "ఇంట్లో నేను నింపినవి పెట్టెలకొద్దీ ఉన్నాయి."