తోలు చిరగని తూటా

హామిల్టన్‌లోని తుపాకుల షాపులో స్వరూప చిన్న తూటాల డబ్బా తీసుకుంది.

“అడవిమేకకు అది చాలదక్కా. లోపలికి పోయి విచ్చుకునేది తీస్కో. ఎక్కడ తగిలినా పడిపోతది,” అన్నాడు ఆమెకు వేట నేర్పుతున్న దుర్గేష్.

“విచ్చుకుంటే తోలు చిరుగుతది. నేను దగ్గరికి పోయి తలకే కొడతా.”

“తోలెందుకక్కా నీకు?”

స్వరూప చిన్న తూటాల డబ్బాకే డబ్బు కట్టింది. శనివారం కొండ మీద పాకుతూ మేకకు బాగా దగ్గరగా వెళ్లి, అన్నట్టే తలకు కొట్టింది. ఒంటి తోలుకు గాటు కూడా పడలేదు.

2006 ఉగాదికి ఆక్లాండ్ తెలుగువాళ్ల సభకు ఆ తోలు బిగించిన డప్పుతో వచ్చింది.

“శుభమా అని పండగ చేసుకుంటుంటే చావుడప్పేంటమ్మా?” అంటూ నిర్వాహకుడు మెట్ల దగ్గరే అడ్డుపడ్డాడు.

“మా నాయిన పెళ్లిళ్లకు గూడ కొట్టిండు. అయినా నేను నిన్ను అడగనీకి రాలే,” అని స్వరూప అతన్ని దాటుకుని వేదికెక్కి, మొదటి దెబ్బ వేసింది.